నోట్సు ప్రకారం

సోమవారం పదిన్నరకి ఫిజిక్స్ డిపార్ట్‌మెంటు వరండాలో ఫలితాల కాగితం అంటించారు. చివరి ఏడాది ఎం.ఎస్సీ. పిల్లలు నలభై మందీ ఒకరి భుజాల మీదుగా ఒకరు తొంగిచూస్తూ తమ నంబర్లు వెతుక్కున్నారు. డౌటమ్మకి వెతుక్కునే పని పడలేదు. కాగితం మొత్తంలో ఎర్రసిరాతో గీత పడింది ఒక్క నంబరు కిందే. అది ఆమెదే. మేథమేటికల్ ఫిజిక్స్‌లో ముప్పై ఆరు. పాసవ్వాలంటే నలభై రావాలి.

డౌటమ్మ అన్నది తోటివాళ్లు పెట్టిన పేరు. క్లాసులో ఎవరు పాఠం చెప్పినా చివర్లో ఆమె చెయ్యి లేచేది. "ఒక్క డౌటు సార్" అనేది. అది ఒక్కదానితో ఆగిన రోజు లేదు. మిగతా పేపర్లలో పోయిందంటే ఆమే నమ్మేదేమో గానీ, ఈ పేపరు ఆమెకి ప్రాణం. బస్సులో నిలబడి కూడా టిక్కెట్టు వెనక ఇంటెగ్రల్ వేసుకునే మనిషి.

"నువ్వా? ఇందులోనా?" అంది పక్కనున్న టాపర్. ఆ అమ్మాయికి తొంభై నాలుగు వచ్చాయి. మూడు సెమిస్టర్లుగా మొదటి స్థానం ఆమెదే కాబట్టి అసలు పేరు అందరూ మర్చిపోయారు.

"కూడిక తప్పయ్యుంటుంది. వెళ్లి పేపరు చూపించమని అడుగు" అని టాపర్ భుజం తట్టింది.

అడగక తప్పదు. పరిశోధన సంస్థలో డౌటమ్మకి సీటు వచ్చి ఇరవై రోజులైంది. ఉన్నవి ఆరు సీట్లు, రాసినవాళ్లు తొమ్మిది వందల మంది. ఈ శుక్రవారం సాయంత్రం ఐదింటిలోగా పాసైనట్టు మెమో పంపాలి. పంపకపోతే ఆ సీటు ఏడో మనిషికి పోతుంది. మళ్లీ పరీక్ష రాసి పాసవ్వడానికి ఆరు నెలలు పడుతుంది. ఆరు నెలలు ఆమె కోసం సీటుకి తాళం వేసి ఎవరూ కూర్చోరు.

పరీక్షల విభాగంలో నాలుగో నంబరు కౌంటరు రూల్సమ్మది. ఇదీ పిల్లలు పెట్టిన పేరే. ఆవిడ దరఖాస్తు తీసుకుని, మార్జిన్ సరిపోలేదని వెనక్కిచ్చింది. మళ్లీ రాసిస్తే తేదీ కుడిపక్కన ఉండాలంది. మూడోసారికి లోపలికి వెళ్లి జవాబుపత్రం తెచ్చింది.

"ఇక్కడే చూడాలి. ఫొటో తియ్యకూడదు. పెన్ను చేతిలో ఉండకూడదు" అంది.

డౌటమ్మ పెన్ను బల్లమీద పెట్టేసి పేజీలు తిప్పింది. ఒకటి నుంచి నాలుగు ప్రశ్నలు బాగానే ఉన్నాయి. చివరి మూడూ టైము చాలక వదిలేసినవే. ఐదో ప్రశ్నకి పదిహేను మార్కులు. మూడు పేజీల జవాబు. మూడు పేజీల మీదా మూల నుంచి మూలకి ఎర్రగీత. కింద సున్నా. సున్నా పక్కన మూడు ముక్కలు రాసి ఉన్నాయి: "నోట్సు ప్రకారం లేదు."

తప్పు అని రాయలేదు. నోట్సు ప్రకారం లేదని రాశారు. డౌటమ్మకి అరికాలి నుంచి మంట లేచింది.

"కూడిక నాదేనమ్మా. మూడుసార్లు కూడి చూశాను" అంది రూల్సమ్మ. అట్ట మీద నీలం పెన్సిలుతో పెట్టిన మూడు చిన్న టిక్కులు చూపించింది. "ఒకసారి పైనుంచి కిందికి, ఒకసారి కిందినుంచి పైకి, ఒకసారి పేజీల వారీగా. ముప్పై ఆరే."

"కూడిక తప్పు కాదు మేడమ్. ఇదిగో, ఈ సున్నా తప్పు."

"సున్నా సంగతి నాకు తెలీదు. అది మీ డిపార్ట్‌మెంటు వాళ్లు చూసుకోవాలి. మీ హెడ్డుగారి దగ్గర్నుంచి రాతపూర్వకంగా రావాలి" అంటూ రూల్సమ్మ పత్రం వెనక్కి లాక్కుని దారం ముడి వేసింది.

ఆ ఐదో ప్రశ్న ఇది. కదలకుండా వేలాడుతున్న ఒక లోలకాన్ని ఒక్క దెబ్బ కొట్టారు. చుట్టూ ఉన్న గాలి దాన్ని మెల్లగా అడ్డుకుంటోంది. అది ఎలా ఊగుతుందో లెక్క కట్టి చెప్పండి. చిన్నపిల్లల్ని అడిగినా చెబుతారు: దెబ్బ పడేదాకా ఊరికే ఉంటుంది, పడ్డాక ఊగుతుంది, ఊగి ఊగి ఆగుతుంది. దాన్నే గణితంలో నిరూపించడానికి మూడు పేజీలు పడుతుంది.

కానీ డిపార్ట్‌మెంటు హెడ్డు పెద్దసారు నోట్సులో నాలుగో లైనులో ఒక గుర్తు తిరగబడింది. గాలి అడ్డుకునే పదం ముందు మైనస్ ఉండాల్సిన చోట ప్లస్ పడింది. దాంతో జవాబుని తేల్చే రెండు బిందువులు, బొమ్మలో అడ్డగీత కింద ఇంటూ గుర్తులుగా ఉండాల్సినవి, గీత పైకి ఎక్కి కూర్చున్నాయి, చివరికి వచ్చే జవాబు తలకిందులైంది. నోట్సు ప్రకారం ఆ లోలకం దెబ్బ పడకముందే ఊగడం మొదలుపెడుతుంది. రానురాను పెద్దగా ఊగుతుంది. దెబ్బ పడిన క్షణాన చల్లగా ఆగిపోతుంది. పెద్దసారు ఈ జవాబుని ఏటా బోర్డు మీద రాసి, కింద రెండు గీతలు గీసి, అరచేత్తో సుద్ద దులుపుకునేవారు. పిల్లలు ఏటా రాసుకునేవారు.

"మనందరికీ తెలిసిందే కదే!" అంది టాపర్, సాయంత్రం హాస్టల్ గదిలో. ఆమె దగ్గరున్నది సీనియర్ల నుంచి వచ్చిన జిరాక్సు. నాలుగో లైను పక్కన ఎవరిదో గుండ్రటి చేతిరాత: 'ఇది తప్పు. పరీక్షలో మాత్రం ఇలాగే రాయండి. సారుకి చెప్పకండి.' జిరాక్సుకి జిరాక్సు తీసీ తీసీ ఆ అక్షరాలు బూడిదరంగుకి వచ్చాయి.

"నువ్వు అలాగే రాశావా?"

"రాయక? పదిహేనుకి పదిహేను."

"తప్పని తెలిసీ?"

"పరీక్షలో నోట్సు, బయట నిజం. ఇందులో బుర్ర బద్దలు కొట్టుకోడానికేముంది? నీకూ ఈ జిరాక్సు ఇచ్చాను కదే, చూశావు కదా!"

"చూశాను. ఎవరో ఆటపట్టించడానికి రాశారనుకున్నా. కరెక్టుగా రాస్తే మార్కులు తీసేస్తారని ఎవరైనా అనుకుంటారా?"

టాపర్ జాలిగా చూసింది. ఆ జాలి డౌటమ్మకి ఎర్రసిరా కన్నా ఎక్కువ గుచ్చుకుంది.

మంగళవారం పొద్దున్నే ఆమె చిన్నసారు గదికి వెళ్లింది. చిన్నసారు ఒకప్పుడు పెద్దసారు శిష్యుడే, ఇప్పుడు అదే డిపార్ట్‌మెంటులో లెక్చరరు. ప్రాక్టీసు క్లాసులన్నీ ఆయనే తీసుకుంటాడు. అర్థంకానిది పదిసార్లయినా విసుక్కోకుండా చెప్పే మనిషి. డౌటమ్మ డౌట్లకి చెయ్యి ఊపి కూర్చోబెట్టని ఏకైక మాస్టారు.

ఆమె తన జవాబుని గుర్తున్నంతమేరా తెల్లకాగితం మీద మళ్లీ రాసి ఇచ్చింది. ఆయన పెన్ను మూత తీసి ఒక్కో లైను కింద చుక్క పెట్టుకుంటూ వచ్చాడు. మూడో పేజీ చివర ఆగి, పెన్ను మూత పెట్టేశాడు.

"కరెక్టే" అన్నాడు.

"మరి సున్నా ఎందుకు వేశారు సార్ పెద్దసారు?"

చిన్నసారు కిటికీలోంచి బయటికి చూశాడు. బయట చూడ్డానికేమీ లేదు, సైకిల్ స్టాండు తప్ప.

"పెద్దసారు జవాబుల కీ ఇస్తారు, అంతే. దిద్దడం..." అని నీళ్లు నమిలాడు. "దిద్దింది నేను."

మొన్న ఎండాకాలంలో ఇదే గదిలో, ఇదే బల్ల ముందు డౌటమ్మని కూర్చోబెట్టి ఆయనే చెప్పాడు: బిందువు గీతకి పైన ఉందో కింద ఉందో చూసుకోకుండా పెన్ను కదపకూడదని. ఆమె చూసుకుంది. చూసుకునే కదిపింది.

"మీకు తెలుసా సార్ ఇది కరెక్టని? దిద్దేటప్పుడే తెలుసా?"

"తెలుసు."

"తెలిసే సున్నా వేశారా?"

"కీలో ఉన్నదే చూడాలి. అది రూలు. పైగా నా పర్మనెంటు ఫైలు ఆయన బల్ల మీద ఉంది. రెండేళ్లుగా ఉంది" అన్నాడు చిన్నసారు. ఆయన గొంతు తగ్గింది. "నేనూ చదువుకునే రోజుల్లో ఇలాగే రాశాను. నోట్సు ప్రకారం. మార్కులు తీసుకున్నాను, బయటపడ్డాను. నువ్వు కూడా అలాగే రాసి ఉంటే ఇవాళ ఈ గొడవే లేదు కదా!"

"అయితే తప్పు నాదా సార్?"

ఆయన సొరుగులోంచి ఒక కాగితం తీశాడు. గ్రేసు మార్కులకి పెట్టుకునే అర్జీ. అందులో సగం ఆయన అప్పటికే నింపి ఉంచాడు. అంటే ఆమె వస్తుందని ముందే తెలుసన్నమాట. 'పరీక్షరోజు తీవ్రమైన జ్వరంతో ఉండుటచే ఐదవ ప్రశ్నకు సరైన సమాధానము వ్రాయలేకపోయితిని. దయతో నాలుగు మార్కులు కలుపవలసినదిగా ప్రార్థన.'

"సంతకం పెట్టు. పెద్దసారుతో నేను చెబుతాను. జాలిపడతారు, ఆయన మంచివారే. నీకు కావల్సింది నలభై, అంతేగా!" అన్నాడు.

డౌటమ్మ కాగితం తీసుకుని బయటికొచ్చింది. వరండా చివరిదాకా నడిచాక గానీ, దాన్ని ఎంత గట్టిగా పట్టుకుందో ఆమెకి తెలియలేదు. బొటనవేలి ముద్ర చెమటతో కాగితం మీద పడింది.

ఆ సాయంత్రం హాస్టల్‌కి వెళ్లబుద్ధి కాక, రెండు బస్సులు మారి ఇంటికెళ్లింది. ఇల్లంటే ముందుగది దుకాణం, వెనక రెండు గదులు. ముందుగదిలో నాన్న కాటాలు బాగుచేస్తాడు. పచారీ కొట్ల కాటాలు, మందుల షాపుల చిన్న త్రాసులు, కంసాలుల గాజుపెట్టె త్రాసులు. ఆ వేళకి ఆయన ఒక గాజుపెట్టె త్రాసు విప్పి, అడ్డకర్ర మధ్యలో ఉండే ఉక్కు అంచుని మెత్తటి గుడ్డతో తుడుస్తున్నాడు. తుడిచి, వెలుతురుకి అడ్డంగా పెట్టి చూసి, మళ్లీ తుడిచాడు.

"ఏంటమ్మడూ, వారం మధ్యలో వచ్చావు?"

ఆమె కాగితం చేతికిచ్చింది. ఆయన కళ్లజోడు పైకి జరిపి, పెదాలు కదుపుతూ చదివాడు.

"పరీక్షరోజు నీకు జ్వరమా? నాతో చెప్పలేదే!"

"జ్వరం లేదు, ఏమీ లేదు. అలా రాసిస్తే నాలుగు మార్కులు వేస్తారట."

"వేస్తామంటే పెట్టెయ్ మరి సంతకం. జ్వరమొచ్చిందంటే పరువు తక్కువా ఏంటి?"

"నాన్నా, నేను రాసింది కరెక్టు."

"అయితే?"

"అయితే ఏంటి నాన్నా! సరిగ్గా రాసినందుకు క్షమించమని నేనే అడుక్కోవాలా? రాసింది తప్పని నా చేత్తో నేనే సంతకం పెట్టాలా?"

ఆమె గొంతు పెరిగేసరికి వెనక గదిలోంచి అమ్మ తొంగిచూసి వెళ్లింది. డౌటమ్మ బల్ల మీద మోచేతులు ఆనించి, లోలకం సంగతి, దెబ్బ సంగతి, నాలుగో లైను సంగతి చెప్పింది. నాన్నకి ఇంటెగ్రల్ అంటే ఏమిటో తెలీదు. ఆయన వింటూనే అడ్డకర్రని ఆ ఉక్కు అంచు మీద నిలబెట్టి, పళ్లేలు తగిలించి, ఒక పళ్లేన్ని చూపుడువేలితో తట్టాడు. ముల్లు అటూ ఇటూ ఊగింది. ఆయన పెదాల్లో లెక్కపెట్టుకున్నాడు. పదకొండో ఊపుకి ముల్లు మధ్యలో నిలిచింది.

"అంటే మీ సారు లెక్క ప్రకారం, నేను తట్టకముందే ఇది ఊగుతూ ఉంటుంది. తట్టగానే ఆగిపోతుంది."

"ఆఁ."

"అలాంటి కాటా నా దగ్గరికి తెస్తే నేను ముట్టుకోను. దెయ్యం పట్టింది తీసుకుపొమ్మంటాను" అన్నాడు నాన్న. డౌటమ్మకి రెండు రోజుల తర్వాత మొదటిసారి నవ్వొచ్చింది. ఆయన మాత్రం నవ్వలేదు. "అయినా సంతకం పెట్టెయ్. కాటాతో పేచీ పెట్టుకుంటే అది పగబట్టదు. మనుషులు పగబడతారు. రేపు ఆ సీటులో చేరాక మంచి చెడ్డా చూసుకుందువుగాని."

"నువ్వు అర గ్రాము తేడా ఉందని అన్నం మానేసి కూర్చుంటావు. కొట్టువాడు పర్లేదు ఇచ్చెయ్యమన్నా ఇవ్వవు."

"అది వేరు."

"ఎలా వేరు?"

నాన్న గాజుతలుపు దించి, చిన్న బ్రష్షుతో పళ్లేలు ఊడ్చాడు. అప్పటికే శుభ్రంగా ఉన్న పళ్లేలు. కాసేపటికి, ఆమె వైపు చూడకుండా, ఆ అర్జీని గ్రీజు అంటకుండా జాగ్రత్తగా మడిచి ఆమె పుస్తకంలో పెట్టాడు. పెట్టమనీ అనలేదు, వద్దనీ అనలేదు.

బుధవారం మధ్యాహ్నం ఆమె చిన్నసారు గది దాటుకుని నేరుగా పెద్దసారు గదిలోకి వెళ్లింది. పెద్దసారు సన్నటి మనిషి. బల్లమీద గోధుమరంగు అట్టతో నోట్సు, మూలలు అరిగిపోయి, వీపుకి రెండు వరసల టేపుతో. ఆయన కేకలు వేసే రకం కాదు. పిల్లల్ని 'అమ్మా', 'బాబూ' అనే పిలుస్తారు. కానీ ఆయన మాటకి ఎదురుచెప్పిన మనిషి డిపార్ట్‌మెంటులో లేడు. అందుకే ఆయనకి గొంతు పెంచే అవసరం రాలేదు.

"ఆరోగ్యం ఎలా ఉందమ్మా? జ్వరమని విన్నాను" అన్నారు.

"నాకు జ్వరం రాలేదు సార్. నోట్సులో నాలుగో లైను తప్పు" అంది డౌటమ్మ. రాత్రంతా కూర్చి పెట్టుకున్న మర్యాదలన్నీ ఎక్కడికి పోయాయో పోయాయి.

పెద్దసారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"అది కన్వెన్షన్ అమ్మా. కొన్ని పుస్తకాల్లో ప్లస్ రాస్తారు, కొన్నిట్లో మైనస్ రాస్తారు. ఏది రాసినా ఒకటే."

"ఏది రాసినా ఒకటే సార్, మొదటినుంచీ అదే రాస్తే. మొదటి మూడు లైన్లు ఒక పుస్తకం పద్ధతిలో ఉన్నాయి. నాలుగోది ఇంకో పుస్తకం పద్ధతిలో ఉంది. ఒక్కసారి బోర్డు మీద చూపించనా?"

ఆయన వద్దనేలోపే ఆమె సుద్దముక్క తీసుకుంది. అక్షరాలు వంకరపోయాయి గానీ గుర్తులు పోలేదు. మూడో లైను దాకా పెద్దసారు కుర్చీలోంచే తలూపారు. నాలుగో లైనుకి లేచారు. ఆమె చేతిలోంచి సుద్ద తీసుకుని, అడ్డగీత గీసి, దాని పైన రెండు ఇంటూ గుర్తులు పెట్టబోయి, ఆగారు. ఒకటో లైనుకి వెళ్లారు. వేలితో ఒక్కొక్క గుర్తునీ తాకుతూ కిందికొచ్చారు. రెండు గుర్తులూ గీత కింద పెట్టారు.

అలా బోర్డు వైపే నిలబడి చాలాసేపు ఉండిపోయారు. సీలింగు ఫ్యాను గాలికి బల్లమీద నోట్సు పేజీలు లేచి పడుతున్నాయి.

"దెబ్బకి ముందే ఊగుతోంది" అన్నారు, తనలో తాను.

"అవును సార్."

"ఇది ఇంకెవరికి తెలుసు?"

"అందరికీ తెలుసు సార్."

"అందరూ అంటే మీ క్లాసా?"

"అన్ని క్లాసులకీ తెలుసు. సీనియర్లు చెబుతారు. పరీక్షలో ఇలాగే రాయాలి, మీకు చెప్పకూడదు అని."

పెద్దసారు కుర్చీ కోసం వెనక్కి చెయ్యి చాపి, అది అందాక కూర్చున్నారు. అప్పుడే ఏదో ఫైలు పట్టుకుని చిన్నసారు లోపలికొచ్చాడు. బోర్డు చూశాడు, డౌటమ్మని చూశాడు, మొహం పాలిపోయింది.

"ఇది చూడవయ్యా. నాలుగో లైను" అన్నారు పెద్దసారు.

చిన్నసారు చూసినట్టు నటించాడు. "కన్వెన్షనే కదా సార్" అన్నాడు.

డౌటమ్మకి ఆ సుద్దముక్క ఆయన మీదికి విసరాలనిపించింది. పెద్దసారు మాత్రం ఆయన్ని నిదానంగా, కొత్తమనిషిని చూసినట్టు చూశారు. "సరే, నువ్వెళ్లు" అన్నారు. ఆయన వెళ్లాక ఆమెతో, "రేపు రా అమ్మా, నీ పని నేను చూస్తాను" అన్నారు. ఆ 'చూస్తాను'లో కోపం లేదు, బాధ ఉందో లేదో తెలీలేదు.

గురువారం పెద్దసారు గదిలో లేరు. గది ముందు కూర్చునే మనిషి ఒక అంటించిన కవరు ఇచ్చాడు. పైన 'పరీక్షల విభాగము' అని పెద్దసారు చేతిరాత. "పదిహేనుకి పదిహేనూ వేశారట" అని చెవిలో వేశాడు. డౌటమ్మకి కాళ్లు నేలమీద ఆనలేదు. ఇంటికి ఫోన్ చేసి నాన్నకి చెప్పింది. "చూశావా, సంతకం పెట్టకుండానే" అంది. నాన్న "మంచిది, మంచిది" అని రెండుసార్లు అని, ఫోన్ అమ్మకిచ్చేశాడు. ఆ రోజు పరీక్షల విభాగం మూడింటికే మూసేశారు.

శుక్రవారం పొద్దున కంప్యూటర్లు పనిచెయ్యలేదు. నాలుగో నంబరు కౌంటరు ముందు ఆమె వంతు వచ్చేసరికి మూడుంపావు. రూల్సమ్మ కవరు అంచుని స్కేలుతో కోసి, లోపలి కాగితం విప్పి, పైకి చదివింది.

"'కార్యాలయమున జరిగిన కూడికలోని పొరపాటు వలన సదరు విద్యార్థినికి పదిహేను మార్కులు తగ్గినవి. సవరించి యాభై ఒకటిగా నమోదు చేయవలెను.'"

చదివి, కాగితం బల్లమీద పెట్టి, రెండు చేతులతో సాపు చేసింది.

"కూడిక నాది" అంది.

డౌటమ్మకి నిన్నటి నుంచీ మోసిన సంతోషం ఏమిటో ఇప్పుడు తెలిసింది. తప్పు నోట్సులో లేదు, కీలో లేదు, దిద్దిన చేతిలో లేదు. మూడుసార్లు కూడిన ఈవిడ నెత్తిన పడేశారు. చేతులు దులుపుకున్నారు. బోర్డు దగ్గర అంతసేపు నిలబడి ఆ పెద్దమనిషి కనిపెట్టింది ఇదన్నమాట!

"నేనిది ఒప్పుకుంటే నీ మెమో పది నిమిషాల్లో వస్తుంది. నాకు సంజాయిషీ నోటీసు వస్తుంది, అంతే. ఇరవై రెండేళ్లలో ఒక్కటీ రాలేదు" అంది రూల్సమ్మ. గొంతులో ఏ రాగమూ లేదు. మార్జిన్ సరిపోలేదన్నప్పుడు ఎలా అందో అలాగే అంది. "చెప్పు. టైము మూడూ ఇరవై."

వెనక వరసలో ఎవరో తొందరపెట్టారు. డౌటమ్మ గోడ గడియారం చూసింది. ఆరు సీట్లు, తొమ్మిది వందల మంది. నోరు తెరవక్కర్లేదు, ఊరుకుంటే చాలు. ఇన్నేళ్లూ అందరూ చేసింది అదే.

"ఒప్పుకోకండి మేడమ్. మీ కూడిక కరెక్టు" అంది.

రూల్సమ్మ కళ్లజోడు పైనుంచి ఆమెని ఒక్క క్షణం చూసింది. వంగి, అడుగు సొరుగు లాగి, కట్టలు తీసి పక్కన పెట్టి, ఆ కింద నుంచి ఒక పసుపుపచ్చ ఫారం బయటికి తీసింది. దుమ్ము ఊదింది.

"కీ మీద అభ్యంతర పత్రం. రూల్సులో ఉంది. ఎవరూ అడగరు. నేను దీన్ని చూడ్డమే గానీ నింపించడం ఇదే మొదలు. పైభాగం నువ్వు రాయాలి. కిందిభాగం హెడ్డుగారు రాయాలి, సొంత చేత్తో, ఈ కౌంటరు దగ్గర, నా ఎదురుగా. ఫోన్ చేస్తాను. వస్తే వస్తారు. రాకపోతే నేనేమీ చెయ్యలేను."

డౌటమ్మ పైభాగం నింపింది. రూల్సమ్మ ఫోన్‌లో ఫారం నంబరు, రూలు నంబరు, గడువు టైము చెప్పింది. 'దయచేసి' అనలేదు. అవతల ఏమన్నారో తెలీదు గానీ, "కూడికలో పొరపాటు లేదండీ, నేను మళ్లీ కూడి చూశాను" అని మాత్రం ఒకటికి రెండుసార్లు అంది.

నాలుగైంది. నాలుగుంపావైంది. డౌటమ్మ బెంచీ మీద కూర్చుని, తను చేసిన పని తలుచుకుని తనని తనే తిట్టుకుంది. తర్వాత పెద్దసారుని తిట్టుకుంది, చిన్నసారుని తిట్టుకుంది, పదిహేనుకి పదిహేను తెచ్చుకున్న టాపర్‌ని కూడా వదల్లేదు. ఆయన ఎందుకొస్తాడు? ఏ హెడ్డయినా కౌంటరు దగ్గరికి ఎందుకొస్తాడు?

నాలుగున్నరకి పెద్దసారు వచ్చారు. క్లాసులోంచి నేరుగా వచ్చినట్టున్నారు, మోచేతి దాకా సుద్ద. వెనకే చిన్నసారు, "సార్, ఫోన్‌లో మాట్లాడుకుందాం సార్, మీరు రావడమేంటి" అంటూ వస్తున్నాడు. పెద్దసారు కౌంటరు ముందు నిలబడ్డారు. వరసలో ఉన్న పిల్లలు గబగబా పక్కకి తప్పుకున్నారు.

రూల్సమ్మ లేవలేదు. ఫారం ఆయన వైపు తిప్పి, పెన్ను పైన పెట్టింది.

మొదటి గడి: విద్యార్థి సమాధానము సరైనదా? ఆయన 'అవును' అని రాశారు. రెండో గడి: కీలో తప్పు ఉన్నదా? ఆయన పెన్ను కాసేపు గాల్లో ఉంచి, 'ఉన్నది' అని రాశారు. మూడోది: ఇవ్వవలసిన మార్కులు. పదిహేను. సంతకం పెట్టారు.

రూల్సమ్మ పత్రం తెచ్చి పైనుంచి కిందికి కూడింది. కిందినుంచి పైకి కూడింది. పేజీల వారీగా కూడింది. నీలం పెన్సిలుతో టిక్కులు పెట్టి, యాభై ఒకటి వేసి, మెమో మీద సీలు కొట్టింది. నాలుగూ నలభై. డౌటమ్మ దాన్ని అందుకుని, అక్కడే ఫొటో తీసి సంస్థకి పంపేసింది. అనుకున్న సంతోషం ఎందుకో రాలేదు. చిన్నసారు ఆమె వైపు చూడకుండా కిటికీ వైపు చూస్తున్నాడు.

పెద్దసారు పెన్ను మూతపెట్టి వెనక్కి తిరగబోయారు.

"వెనకవైపు రెండు గళ్లున్నాయండీ" అంది రూల్సమ్మ. కాగితం తిప్పింది. "ఈ తప్పు ఎప్పటి నుంచి ఉన్నది?"

పెద్దసారు లెక్కవేసుకున్నారు. 'ముప్పై ఒక్క సంవత్సరములు' అని రాశారు.

"చివరిది. దీనివల్ల నష్టపోయిన విద్యార్థుల సంఖ్య."

పెద్దసారు డౌటమ్మని చూశారు. కాగితం మీద 'ఒ' అని మొదలుపెట్టారు.

డౌటమ్మకి అప్పుడు తట్టింది. కరెక్టు రాస్తే సున్నా వస్తుందని అన్ని క్లాసులకీ ఎలా తెలిసింది? ఎవరో ఒకరికి ముందు సున్నా వస్తేనే కదా. వాళ్లెవరు? ఎంతమంది? తమ లెక్కలోనే తప్పుందనుకుని, ఇంటికెళ్లి, ఇంకేదో పనిలో చేరిపోయి, ఈ పాటికి పిల్లల చేత ఎక్కాలు చదివిస్తూ ఉండి ఉంటారు. తమకి లెక్కలు రావని ఆ పిల్లలతో చెబుతూ కూడా ఉండి ఉంటారు.

"ఒకరు కాదు సార్" అంది. "తెలియదు అని రాయండి."

పెద్దసారు పెన్ను ఆ 'ఒ' మీద ఆగిపోయింది. రూల్సమ్మ కొట్టివేతల దగ్గర పొట్టి సంతకం ఉండాలని గుర్తుచేసింది. ఆయన 'ఒ' కొట్టేసి, పక్కన పొట్టి సంతకం పెట్టి, కింద 'తెలియదు' అని రాశారు.